కరెంటు కారు పోషణ: నాడూ, నేడూ

"పెట్రోలు బాధ లేదు, ఇక ఖర్చేముంది?" అని కరెంటు కారు గురించి అడిగే మిత్రులకు ఒక పాత కథ చెప్పాలి.

2001లో బెంగుళూరులో రేవా కారు మార్కెట్లోకి వచ్చింది. క్లచ్చి లేదు, ఇంజను ఆయిలు మార్చే పని లేదు. కానీ సీట్ల కింద ఎనిమిది లెడ్-యాసిడ్ బ్యాటరీలుండేవి. ఇంట్లో ఇన్వర్టరుకు పోసినట్లే వాటికీ డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కొన్నేళ్ళకు సెట్టు మొత్తం మార్చాలి. రోజూ పెట్రోలు మీద మిగిలిన డబ్బును ఆ ఒక్క రోజు అడిగేది. 2009లో లిథియం-అయాన్ బ్యాటరీ రకం వచ్చి నీళ్ళ పని తప్పించింది. కారు ధర మాత్రం పెంచింది.

ఇన్సూరెన్సుదీ ఇదే తీరు. మన దేశంలో థర్డ్ పార్టీ బీమా 1946 నుంచి తప్పనిసరి. 2022 జూన్ 1 నుంచి కరెంటు కార్లకు ఆ ప్రీమియంలో 15 శాతం తగ్గించారు. అప్పుడు 30 కిలోవాట్ల లోపు కారుకు ఏడాదికి 1,780 రూపాయలయింది. అయితే సొంత నష్టానికి కట్టే ప్రీమియం కారు విలువను బట్టి ఉంటుంది. ఆ విలువలో పెద్ద వాటా బ్యాటరీదే.

కనుక రిటైర్మెంటు డబ్బు తీసేముందు రెండు సంగతులు కాగితం మీద చూసుకోండి: బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు? వరద నీటి నష్టం బ్యాటరీకీ వర్తిస్తుందా? పెట్రోలు లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు.