గుప్పెడు బియ్యం లెక్క

మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న ముంతలో వేసేది. ఇంట్లో తిండికి చాలని రోజుల్లోనూ అంతే. ఆదివారం ఆ బియ్యం కొంగులో మూటగా గుడికి వెళ్ళేది. మాది డోర్నకల్ డయాసిస్‌లోని ఒక పల్లె. ఆ డయాసిస్ చరిత్ర చదువుతున్నప్పుడల్లా నేను ఈ ముంత కోసం వెతుక్కుంటాను. మిషనరీలు, బిషప్పులు, కట్టడాలు కనిపిస్తాయి. ముంత కనిపించదు.

1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు. ఆరాధన ఈ నేలదిగా ఉండాలన్నది ఆయన పట్టు. భజనలు, తెలుగు కీర్తనలు, కోతల పండుగలు ఆరాధనలో భాగమయ్యాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌లో గుమ్మటాలూ, గుడి మండపాన్ని తలపించే స్తంభాలూ కలిసి కనిపిస్తాయి. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అదంతా ఆరాధనను కొత్తగా మలచిన ఒక పెద్ద ప్రాజెక్టు.

మరి దానికి డబ్బెక్కడిది? విదేశీ మిషన్ల సొమ్ము ఉంది, నిజమే. కానీ ఎంత పేదవాళ్ళయినా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని అజరయ్య బోధించారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. చేతిలో రూపాయి ఆడని ఇళ్ళలో ఇవ్వడమంటే ధాన్యం, కోడిపెట్ట, గుడ్లు, గుమ్మడికాయ. కోతల పండుగనాడు అవన్నీ వేలానికొచ్చేవి. వీటిలో గుప్పెడు బియ్యం మాత్రం పూర్తిగా ఆడవాళ్ళది. అది మగవాడి జేబులోంచి తీసింది కాదు, తన కంచంలోంచి తగ్గించుకున్నది. ఇంట్లో ఆఖరున తినేదెవరో మనకు తెలియనిదా?

మిజోరాంలో ఈ పద్ధతికి 'బుహ్‌ఫై థమ్' అని పేరు. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం లెక్కల్లో దానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. అంటే గుప్పెడు లెక్కకు అందనంత చిన్నదేమీ కాదు. లెక్కపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, అంతే.

బియ్యం ఇచ్చిన చేతులకు ఆ సొమ్ము ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే అధికారం ఎప్పుడొచ్చింది? 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందులో స్త్రీలకు గురుపట్టం దక్కింది 1970లలో. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ తెలుగు స్త్రీయే. ముంత దగ్గర్నుంచి పీఠం దాకా నడవడానికి నూరేళ్ళు పట్టింది.

మా అమ్మమ్మ ఏ కమిటీలోనూ లేదు. గుడిలో ఆడవాళ్ళ వైపు, చాప మీద కూర్చునేది. చాలాకాలం నేను ఆ గుప్పెడును దోపిడీగానే చూశాను. చిన్నప్పుడు ఒకసారి అడిగాను కూడా, "మనకే లేవు కదా, ఎందుకే అమ్మమ్మా?" అని.

"ఒకళ్ళు పెడితే పోయి పాడెటందుకు నేనేమన్న అడుక్కతినేదాన్నా బిడ్డా?" అంది.

ఊరి గుడి గడప తొక్కనివ్వని కాలంలో పుట్టిన మనిషి ఆమె. తన గుప్పెడుతో నిలబడిన గుడిలో ఆమె ఎవరి దయ మీదా లేదు. ఆ మాట విన్నాక దోపిడీ అన్న ఒక్క పదంతో సరిపెట్టుకోలేకపోతున్నాను. అలాగని ఆమె పస్తును భక్తి అని పొగడనూలేను. మనం రాయాల్సిన చరిత్రలో ఆ ఆకలి, ఆ ఆత్మగౌరవం రెండూ ఒకే పద్దు కింద ఉండాలి.