నీరు ఎక్కడికి పోయింది? సింగపూరు కార్లలో కూలెంట్ కథ

సింగపూరు వీధుల్లోకి తొలి మోటారుకారు 1896లో వచ్చింది. కాట్జ్ బ్రదర్స్ అనే వర్తక సంస్థ దిగుమతి చేసిన ఆ బెంజ్ కారును చార్ల్స్ బర్టన్ బక్లీ నడిపేవాడు. సింగపూరు పూర్వచరిత్రను 1902లో రెండు సంపుటాలుగా వెలువరించిన రచయితగానే ఆయన ఎక్కువ ప్రసిద్ధుడు. ఆ బండి చేసే రొదను బట్టి దానికి ‘కాఫీ మెషీన్’ అన్న పేరు స్థిరపడింది.

ఆనాటి బెంజ్ కార్లలో నీరు మరిగి ఆవిరైపోతూ ఇంజను వేడిని వెంట తీసుకుపోయేది. అందుచేత నీరు తగ్గడాన్ని ఎవరూ లోపంగా భావించలేదు. 1888లో బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించినప్పుడు దారి పొడవునా ఆగి నీరు పోసుకోవలసి వచ్చింది. 1900లో విల్హెల్మ్ మైబాఖ్ 35 అశ్వశక్తుల మెర్సెడెస్ కోసం తేనెపట్టు రేడియేటర్‌ను రూపొందించాడు. 8,070 సన్నని గొట్టాల గుండా గాలి వీచే ఆ ఏర్పాటు వల్ల 9 లీటర్ల నీరే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఇంజనును చల్లార్చగలిగింది.

1927లో ఇథిలీన్ గ్లైకాల్ ‘ప్రెస్టోన్’ పేరుతో అమెరికా విపణిలోకి వచ్చింది. అంతకుముందు నీరు గడ్డకట్టకుండా కలిపే ఆల్కహాల్ వేడికి ఎగిరిపోయేది. 197 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే గ్లైకాల్ నిలిచి ఉండేది. తర్వాతి దశాబ్దాలలో పీడనాన్ని నిలిపే మూత వచ్చింది. వాతావరణ పీడనానికి మరొక అంత పీడనం తోడైతే మామూలు నీరు కూడా 120 డిగ్రీల వరకు మరగదు. ఆపైన వ్యాకోచించిన ద్రవాన్ని దాచి, ఇంజను చల్లారాక తిరిగి ఇచ్చే రిజర్వాయర్ జతపడింది. దానితో వలయం మూసుకుంది. మూసిన వలయంలో మట్టం పదే పదే తగ్గుతున్నదంటే ఎక్కడో దారి తెరుచుకున్నట్టే. బక్లీ కాలంలో సహజమనిపించిన విషయం ఇప్పుడు రోగలక్షణమైంది.

మంచు కురవని సింగపూరులో ‘యాంటీఫ్రీజ్’ అనవసరమన్న భావన సులువుగా కలుగుతుంది. గ్లైకాల్ మిశ్రమం మరుగుస్థానాన్ని పెంచుతుంది. అందులోని రసాయనాలు అల్యూమినియం తుప్పు పట్టకుండా కాపాడతాయి. కుళాయి నీరు పోస్తూ పోతే ఈ రక్షణ పలచబడి, చిన్న లోపం పెద్దదవుతుంది. శీతకాలమే లేని ఈ ద్వీపంలో, జురాంగ్ ఐలాండ్‌లో, ఏటా 7,50,000 టన్నుల సామర్థ్యంతో షెల్ సంస్థ మోనో ఇథిలీన్ గ్లైకాల్ కర్మాగారాన్ని 2009లో ప్రారంభించింది. ఆ రసాయనంలో ఎక్కువ భాగం పాలియెస్టర్ తయారీకి పోతుంది.

కారణాన్ని వెదకడంలో వైద్యుడి పద్ధతే పనికొస్తుంది. ముందు బయటి స్రావం, తర్వాత లోపలిది. సింగపూరులో తొలి తికమక కారు కింద కనిపించే తడి. ఉక్కపోత గాలిలో ఎయిర్ కండిషనర్ నుంచి నీరు కారడం సహజం. దానికి రంగు, వాసన, జిడ్డు ఉండవు. కూలెంట్‌కు రంగు, తీపి వాసన ఉంటాయి. అయితే అది విషం, రుచి చూడరాదు. కొన్నిసార్లు బొట్టు నేలకు చేరకముందే వేడి లోహం మీద ఆవిరై, రంగు పొరను మాత్రం మిగులుస్తుంది. రేడియేటర్ ప్లాస్టిక్ అంచులు, గొట్టాల బిగింపులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడవలసిన చోట్లు. హీటర్ ఉన్న కారులో ముందు సీటు కింది తివాచీ తడిసినా అనుమానించాలి.

కంటికి ఏమీ కనిపించకపోతే, చల్లారిన ఇంజనుకు చేతిపంపుతో మూతపై రాసివున్నంత పీడనం ఇచ్చి ముల్లు దిగుతుందేమో చూస్తారు. మూతనూ విడిగా పరీక్షిస్తారు. దాని స్ప్రింగు బలహీనపడితే ద్రవం ముందే పొంగిపోతుంది. బయట తడి లేకుండానే ముల్లు దిగితే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి మళ్ళుతుంది. అది చిట్లితే దహనవాయువులు కూలెంట్‌లోకీ, కూలెంట్ సిలిండర్‌లోకీ చొరబడతాయి. రేడియేటర్ పైనున్న గాలిని బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణం గుండా లాగితే, కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు నీలం పసుపవుతుంది. చలిదేశాల్లో ఉదయపు తెల్లని పొగను వాతావరణానికి ఆపాదించవచ్చు. భూమధ్యరేఖ చెంత అది ఆగకుండా వస్తుంటే ఆ సమాధానం చాలదు.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. మూత, గొట్టం, పంపు మార్చడం చిన్న పనులు. గాస్కెట్ మార్చేటప్పుడు మాత్రం సిలిండర్ హెడ్ వంగిందేమో కొలవక తప్పదు. వంగిన హెడ్‌పై వేసిన కొత్త గాస్కెట్ నిలవదు. రంధ్రాలు పూడ్చే పొడి పోయడం నొప్పిమాత్రతో కడుపునొప్పిని దాచడం వంటిది. సన్నని మార్గాలను కూడా అది మూసివేయవచ్చు.

సింగపూరులో ఈ నిర్ణయానికి మరో కోణం ఉంది. 1990 మేలో మొదలైన వాహన కోటా విధానంలో కారుకు లభించే అర్హతపత్రం 10 ఏళ్ళకే చెల్లుతుంది. తర్వాత 5 లేదా 10 ఏళ్ళకు రుసుము కట్టి పొడిగించుకోవాలి. 5 ఏళ్ళకు పొడిగిస్తే మరో పొడిగింపు లేదు. కారు 10 ఏళ్ళు నిండే నాటికి రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ అంచులు కూడా వృద్ధాప్యానికి చేరుకుంటాయి. ఆ రుసుము కట్టేముందు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టాన్ని గుర్తించి, కొన్ని రోజులు వరుసగా పోల్చి చూసిన యజమానికి, తాను పొడిగిస్తున్నది ఇంజను ఆయుష్షునా, కేవలం కాగితపు గడువునా అన్నది తెలిసివస్తుంది.