పోవడం క్షణం, రావడం కథ

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన మొదటి ‘జంపర్’, అంటే క్షణంలో ఒకచోటి నుంచి మరోచోటికి దూకేవాడు, ఓ గృహస్థు. ఇంట్లో అగ్నిహోత్రం ఆరనివ్వడు, ఊరు దాటి పెద్దగా తిరిగినవాడూ కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసి ప్రవరుడు. గడప తొక్కిన యాత్రికుడినల్లా కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఏ ఊళ్ళు చూశారు, ఏం విన్నారు అని గుచ్చి గుచ్చి అడగడం ఆయన సరదా. ఒకనాడు వచ్చిన సిద్ధుడు తాను తిరిగిన క్షేత్రాల చిట్టా విప్పేసరికి ప్రవరుడికి అనుమానం వచ్చింది. చూస్తే పడుచువాడు. ఇన్ని చోట్లకూ నడిచి వెళ్ళాలంటే ఏళ్ళకేళ్ళు పడుతుంది. రెక్కలా లేవు. మరెలా? సిద్ధుడు గుట్టు చెప్పాడు. కాళ్ళకు రాసుకునే ఓ మందు ఉంది, పాదలేపం. అది పూయించుకున్న ప్రవరుడు హిమాలయాల్లో తేలాడు.

సైన్స్ ఫిక్షన్‌కు కావలసిన దినుసులన్నీ ఇందులో ఉన్నాయి. వినేవాడి తర్కం ఉంది, దానికి జవాబుగా మంత్రం కాకుండా మందు ఉంది, ఆ మందుకు ఓ లోపమూ ఉంది. కొండల అందాలు చూసి మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టబోతే ప్రవరుడి కాళ్ళకు మందు లేదు. కరిగిన మంచునీటితో పాటే అదీ పోయింది. అప్సర వరూధిని రావడం, వలచడం, ఆయన కాదనడం, అక్కణ్ణుంచి మను సంభవం దాకా నడిచే కావ్యమంతా ఆ కరిగిపోయిన పూతలోంచే పుట్టింది. చివరికి రోజూ తాను కొలిచే అగ్నిదేవుణ్ణే వేడుకొని ఇల్లు చేరాడు. మూలకథ మార్కండేయ పురాణంలోది. పెద్దన కన్నా ముందే కాకతీయుల కాలంలో మారన దాన్ని తెలుగు చేశాడు. అయినా దాన్ని జనం నోట నిలబెట్టింది పెద్దనే.

ఈ ఒక్క ఘట్టాన్ని పట్టుకుంటే మన మాయాప్రయాణాల చరిత్ర చాలావరకు విప్పుకుపోవచ్చని నాకనిపిస్తుంది. మన కథకులు వెళ్ళడాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. తిరిగి రాలేకపోవడం దగ్గర మాత్రం ఆశ్వాసాలకు ఆశ్వాసాలు నిలబడతారు.

పెద్దన ఏలిక మాత్రం కృష్ణాతీరానికి కాలినడకనో, గుర్రాల మీదో రావలసి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1515లో కొండవీడు పట్టుకొని, ఆ వెనక కొండపల్లి కోటను ముట్టడించాడు. ఇప్పటి ఇబ్రహీంపట్నానికి ఆ కోట కూతవేటు దూరం. ముట్టడి నెలల తరబడి సాగింది. ఆ దండయాత్రలోనే విజయవాటిలో విడిది చేసి, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును దర్శించుకున్నట్టు ఆముక్తమాల్యద మొదట్లో తనే చెప్పుకున్నాడు. పాదలేపం సంగతి తెలిసింది ఆస్థాన కవికే గానీ సేనాపతికి కాదన్నమాట.

పడమటి దేశాల్లో క్షణంలో చోటు మారే ఈ ఊహకు తీగలు తగిలించింది టెలిగ్రాఫు. 1877లో ఎడ్వర్డ్ పేజ్ మిచెల్ అనే అమెరికన్ పాత్రికేయుడు ‘న్యూయార్క్ సన్’ పత్రికలో ఓ కథ రాశాడు. మనిషిని అణువులుగా విడగొట్టి తీగ మీద అవతలికి పంపే శాస్త్రవేత్త కథ అది. ముందు పిల్లిని పంపాడు, భేషుగ్గా చేరింది. తర్వాత తానే బయల్దేరాడు. మధ్యలో బ్యాటరీ అయిపోయింది, తల మాత్రమే చేరింది. అక్కడ మంచు, ఇక్కడ బ్యాటరీ. పేచీ ఒకటే.

కాగితం మీద ఎంత మాయైనా చేయవచ్చు. మనిషి కళ్ళముందే మాయమవడాన్ని నమ్మించింది సినిమా. పారిస్‌లో ఇంద్రజాలికుడిగా ఉన్న జార్జ్ మేలియెస్ 1896లోనే కెమెరాను ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ తిప్పి ‘మాయమయ్యే మహిళ’ను చూపించాడు. వీధిలో చిత్రం తీస్తుంటే కెమెరా బిగుసుకుపోయిందనీ, సరిచేసి తిప్పాక తెర మీద బస్సు కాస్తా శవవాహనమైపోయిందనీ, ఆ కిటుకు తనకలా తట్టిందనీ ఆయన చెప్పుకున్నాడు. అంతకుముందు ఏడాదే ఎడిసన్ కంపెనీ ఓ రాణి తల నరికే దృశ్యాన్ని ఇదే పద్ధతిలో తీసింది కాబట్టి మొదటివాడు మేలియెస్ అనలేం. కానీ ఇంద్రజాలికుడి చేతిలో పడ్డాక ఆ కిటుకు పంట పండింది.

తెలుగునాట ఈ బొమ్మల వ్యాపారానికి పునాది వేసినవాడు కృష్ణాజిల్లా మనిషే. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో స్టూడియో పెట్టుకొని, ఊరూరా బొమ్మలాడించి, సినిమా హాళ్ళు కట్టాడు. ఆయన కొడుకు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిన 1921లోనే బెజవాడలో మారుతీ సినిమా హాలు వెలిసింది. పౌరాణికాలు మొదలయ్యాక నారదుడి పంట పండింది. తలుపు తట్టకుండా వచ్చి, సెలవు తీసుకోకుండా పోగలిగే పాత్ర ఆయనొక్కడిదే. పొగ, వీణ, ‘నారాయణ’, అంతే. ప్రేక్షకుడు ఒక్కసారైనా ‘ఎలా వచ్చాడు’ అని అడగలేదు. అంతకు ముందు నుంచే సురభి నాటక సమాజాలు ఇవే మాయల్ని రంగస్థలం మీద, జనం ఎదుటే, తీగలతోనూ తెరలతోనూ చేసి చూపిస్తుండేవి.

అసలు హంగామా 1951 మార్చి 15న మొదలైంది. విజయావారి ‘పాతాళ భైరవి’. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లోని ఓ కథకు అల్లావుద్దీన్ దీపం వెలుగు తోడైంది. (కాశీమజిలీల్లో కథ చెప్పేవాడూ వినేవాడూ మజిలీ మజిలీకీ ఆగుతూ కాశీదాకా నడిచే వెళ్తారు. ఒక్కసారి ఎగిరి కాశీలో వాలితే పన్నెండు సంపుటాల కథ ఉండేదే కాదు.) నిమ్మకూరు నందమూరి తారక రామారావు తోట రాముడు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. మాయల ముఠాలో సగం కృష్ణకు ఈ ఒడ్డువాళ్ళో ఆ ఒడ్డువాళ్ళో.

ఆ సినిమాలో తోట రాముడికి మహలు వెలిసింది. రాకుమారి ఇందుమతి చేయి అందబోతోంది. ఇవన్నీ ఇచ్చిన పాతాళ భైరవి ప్రతిమ మాంత్రికుడి చేతికి చిక్కగానే మహలూ లేదు, ఇందుమతీ లేదు. రంగారావు కనుబొమ ఎగరేస్తే చాలు, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ. రాముడు మాత్రం ఆమెను వెతుక్కుంటూ నడిచి వెళ్ళాలి. చిటికెలో మాయమవడం విలన్ సొత్తు, నడక హీరో వంతు. జానపద చిత్రాలు చాలాకాలం ఈ గీత దాటలేదు.

1957 మార్చి 27న ‘మాయాబజార్’ వచ్చి గీత చెరిపింది. అక్కడ మాయలన్నీ మనవాళ్ళవే. నిద్రపోతున్న శశిరేఖను ఘటోత్కచుడు పాన్పుతో సహా ద్వారక నుంచి ఎత్తుకుపోతాడు. ఆమె కనీసం కళ్ళు తెరవదు. కన్నార్పకుండా చూశాం కాబట్టి ఇక్కడితో మాయ అయిపోయిందనుకుంటాం. అసలు సినిమా అప్పుడే మొదలవుతుంది. ఖాళీ అయిన చోట ఎవరుండాలి? ఘటోత్కచుడే శశిరేఖై ద్వారకలో కూర్చుంటాడు. శశిరేఖ వేసిన సావిత్రి ఒంట్లో ఘటోత్కచుడు వేసిన రంగారావు నడక, రంగారావు చూపు. మనిషి చోటు మారితే వెనక మిగిలే ఖాళీ గురించి ఇంతగా ఆలోచించిన సినిమా హాలీవుడ్‌లోనూ అరుదు.

ఇదంతా కంప్యూటర్లు లేని రోజుల్లో ఎలా చేశారంటే, ముఖ్యంగా ఓపికతో. మనిషి మాయమవాలంటే కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. ‘కట్’ అనగానే ఎక్కడివాళ్ళక్కడ శిలలైపోవాలి. మాయమవాల్సినవాడు మెల్లగా తప్పుకుంటాడు. మళ్ళీ కెమెరా తిరుగుతుంది. ఈ మధ్యలో ఒకరి చేయి జారినా, గాలికి తెర ఊగినా, దీపం వెలుగు తగ్గినా అతుకు పట్టుబడిపోతుంది. పొగ వేయడానికి ఒక కారణం అదే, అతుకును దాస్తుంది. ఒకరు మరొకరుగా మారే చోట ఇంకో తంటా. మొదటివారిని మసకబారేదాకా తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, అదే ముక్క మీద రెండోవారిని వెలిగేలా తీయాలి. లెక్క తప్పితే రెండు షాట్లూ పోయినట్టే. బార్ట్‌లే ఈ పనిలో ఎంత గట్టివాడంటే, తెర మీది వెన్నెలను చూసినవాళ్ళు అది స్టూడియో దీపాలంటే నమ్మలేదు.

తర్వాత బి. విఠలాచార్య వచ్చి మాయను చవక చేశాడు. చవక అన్నది తిట్టు కాదు. తక్కువ ఖర్చులో, వేగంగా, పల్లెటూరి హాళ్ళు నిండేలా తీయడం ఆయన విద్య. హీరో కాల్షీటు దొరక్కపోతే అతణ్ణి శపించి చిలకనో మేకనో చేసేసి షూటింగు నడిపించేవాడని చిత్రసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, మాయకూ డబ్బుకూ ఉన్న లంకె మాత్రం ఆయనొక్కడిదే కాదు. 1966లో అమెరికన్ టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో మనుషులు వెలుగు చుక్కలై గ్రహాల మీద దిగుతారు కదా, ఆ యంత్రం పుట్టిందీ పొదుపు కోసమే. వారం వారం అంతరిక్ష నౌకను నేల మీద దించే దృశ్యాలు తీసే స్తోమత వాళ్ళకు లేదు.

ఇన్ని మాయలున్న సినిమా తాను మాత్రం చోటు మారడానికి నానా అవస్థ పడేది. విజయవాడ గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల నుంచి రీలు డబ్బాలు రైళ్ళలో, బస్సుల్లో ఊళ్ళకు వెళ్ళేవి. ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకుంటే ఆడేసిన రీలును సైకిలు మీద రెండో హాలుకు పరుగెత్తించాలి. సైకిలు రాకపోతే మాంత్రికుడు సగం మాయమై ఆగిపోతాడు, హాల్లో ఈలలు మొదలవుతాయి.

మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశాడు. మాంత్రికుడి స్థానంలో శాస్త్రవేత్త, ప్రతిమ స్థానంలో యంత్రం. దూకింది చోటులోంచి కాదు, కాలంలోంచి. కృష్ణదేవరాయల కొలువుకు వెళ్ళడం సులువుగానే అయింది. తిరిగి రాబోతే యంత్రం మొరాయించి భవిష్యత్తులోకి విసిరింది. అంతకు ఏడాది ముందు ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’లో దేవకన్య ఇంద్రజదీ అదే గొడవ. ఉంగరం పోయింది, ఇంద్రలోకానికి దారి లేదు. కె.వి. రెడ్డి ‘జగదేకవీరుని కథ’లో అది చీర. మందు, చీర, ఉంగరం, యంత్రం. వస్తువు మారింది గానీ తాళం వేసిన తలుపు మారలేదు.

ఈ వరసలో పెట్టి చూస్తే హాలీవుడ్ ‘జంపర్’ బలహీనత తేలిగ్గా దొరుకుతుంది. స్టీవెన్ గూల్డ్ 1992 నవల ఆధారంగా డగ్ లైమన్ తీసిన సినిమా, 2008 ఫిబ్రవరిలో విడుదలైంది. గడ్డకట్టిన నదిలో మంచు పగిలి మునిగిపోతున్న కుర్రాడు డేవిడ్ కళ్ళు తెరిచేసరికి ఊరి లైబ్రరీలో ఉంటాడు. ప్రవరుడి శక్తిని మంచు తీసుకుపోతే ఇతడికి మంచే ఇచ్చింది. ఇక బ్యాంకు ఖజానాలో దూకి డబ్బు తేవడం, ఈజిప్టు సింహిక నెత్తిన కూర్చుని భోంచేయడం. ఎక్కడికైనా పోతాడు, ఎప్పుడైనా వస్తాడు. అడ్డే లేదు. అడ్డు లేనిచోట కథ నడవదు కాబట్టి నవలలో లేని శత్రువుల ముఠా ఒకటి తెరకెక్కింది. కరెంటు తీగలతో కట్టిపడేసి జంపర్లను చంపడమే వాళ్ళ పని. రోమ్ కలోసియంలో అసలు కట్టడం లోపలే తీసిన పోరాటం బాగుంటుంది. వసూళ్ళూ 22 కోట్ల డాలర్లు దాటాయి. అయినా సినిమా అయ్యాక ఆ కుర్రాడికి ఏం పోయిందో గుర్తుండదు. తీగల మీద పెట్టిన శ్రద్ధలో పావువంతు అతడు తిరిగి రావలసిన ఇంటి మీద పెట్టుంటే ఇంకోలా ఉండేది.

కాగితమూ తెరా దాటి ఈ ఊహ ప్రయోగశాలకు చేరింది 1993లో. చార్లెస్ బెనెట్‌తో కలిపి ఆరుగురు శాస్త్రవేత్తలు ఒక కణం స్థితిని దూరాన ఉన్న మరో కణానికి చేరవేసే సూత్రం రాశారు. 1997లో ఇన్స్‌బ్రుక్‌లో ఆంటోన్ జైలింగర్ బృందం కాంతి కణాలతో చేసి చూపింది. చైనా ఉపగ్రహం సాయంతో 2017 నాటికి ఇది 1,400 కిలోమీటర్ల దాకా సాగింది. 2022 నోబెల్‌లో జైలింగర్‌కు వాటా దక్కింది. ఇప్పుడా శాస్త్రం కృష్ణ అవతలి ఒడ్డుకొచ్చింది. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, గోదావరి నీళ్ళు 2015లో కాలువ వెంట వచ్చి కృష్ణలో కలిసిన పవిత్ర సంగమం రేవులో నిలబడి చూస్తే ఎదురుగా అమరావతి. అక్కడి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల (క్వాంటం సమాచారపు యూనిట్ల) ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. అది మనుషుల్ని ఎగరేసే యంత్రం కాదు, లెక్కలు చేసేది. క్వాంటం టెలిపోర్టేషన్ మాత్రం ఆ విద్యలో పాఠ్యాంశమే.

నియమాలు చూస్తే పాత కథకులు రాసినట్టే ఉంటాయి. వెళ్ళేది వస్తువు కాదు, దాని స్థితి మాత్రమే. అవతల అది పుట్టాలంటే ఇవతల చెరిగిపోవాలి, నకలు ఉంచుకోవడం కుదరదు. పైగా ఒక్కో క్యూబిట్‌కు రెండు బిట్ల సమాచారం మామూలు తీగ మీదో ఫైబర్ మీదో, కాంతిని మించని వేగంతో వెళ్ళాలి. అవి అందేదాకా అవతలివాడి చేతిలో ఉన్నదానికి అర్థం లేదు. ముందుగా ముడివేసి చెరో ఒడ్డునా ఉంచిన కణాల జత ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది, ఆ తర్వాత ముడి ఉండదు. వెళ్ళిన స్థితిని వెనక్కి తేవాలంటే ఇంకో జత కావాలి. ఆ జతలో ఒక కణాన్ని ముందే ఎవరో ఒకరు మామూలు దారిన అవతలికి చేర్చి ఉండాలి.