ప్రాక్టీసు మానేసిన డాక్టరు

భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోవడమే. మౌలానా ఆజాద్ తప్పుకుంటే బరిలో మిగిలిన మనిషి ఆయన. ఆ ఓటమిని గాంధీగారు తన మీద వేసుకోవడంతో అది మరీ చరిత్రకెక్కింది. ఒక్క ఎన్నికతో మనిషిని కొలవడం మనకు అలవాటే.

1880 నవంబరు 24న ఏలూరు దగ్గర గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టి, 1916లో మానేశారు. ఈ త్యాగాన్నే అందరూ పొగుడుతారు. నాకు మాత్రం డాక్టరుగా ఉండగానే ఆయన చెయ్యిపెట్టిన పనులు ఎక్కువ అనిపిస్తాయి. 1910లో ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల, 1915లో సహకార బ్యాంకు.

బ్యాంకెందుకంటే, 1852 నాటికి గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, కాలవలొచ్చాయి, వరి పండింది. పెట్టుబడి మాత్రం షావుకారు దగ్గరే. దమ్ములకూ ఊడ్పులకూ నోటు రాసి అప్పు తేవడం, కుప్ప నూర్చగానే కళ్ళంలోనే ధాన్యం కొలిచివ్వడం. గోదావరి పక్క ఆత్రేయపురం రైతుకైనా, కృష్ణా పక్క గుడివాడ రైతుకైనా బాధ ఒకటే. 1923లో పట్టాభి లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. తర్వాత బీమా కంపెనీ.

మరోపక్క ఆంధ్రకు విడిగా కాంగ్రెస్ సంఘం కావాలని పట్టుబట్టారు, 1918లో అది వచ్చింది. ఆ కాంగ్రెస్ పల్లెల్లోకి ఎంత దిగిందో చూడాలంటే ఆత్రేయపురం పక్కనున్న వాడపల్లి చాలు. 1931 మార్చి 30న వేంకటేశ్వరస్వామి రథం మీద గాంధీ పటం పెట్టారని పోలీసులు తుపాకులు పేల్చారు, ప్రాణాలు పోయాయి.

పట్టాభి 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. నెహ్రూ, పటేల్‌లతో కలిసి భాషా రాష్ట్రాల మీద నివేదిక రాశారు. భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దు, ఆంధ్రకు మాత్రం ఇవ్వొచ్చు, మద్రాసు మీద ఆశ వదులుకోవాలి అన్నది దాని సారం. జీవితమంతా ఆంధ్ర రాష్ట్రం కోరిన మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం మద్రాసు లేకుండానే, కర్నూలు రాజధానిగా ఏర్పడినప్పుడు ఆయన మధ్యప్రదేశ్ గవర్నరుగా నాగపూరులో ఉన్నారు.