“ఎవరు చెప్పినారు?” – శోధన యంత్రముల కథ

మన ఇండ్లకు పెండ్లి సంబంధము వచ్చినప్పుడు పెద్దలు మొదట అడుగు మాట ఒకటి గలదు: “ఎవరు చెప్పినారు?” సొంత ఊరు విడిచి తరములు గడచిన మనకు ఆ ప్రశ్న మరీ ముఖ్యము. దారిన పోవు పదిమంది మెచ్చిన సంబంధము కంటె, నలుగురు నమ్మెడి ఒక్క పెద్దమనిషి చెప్పిన సంబంధమునకే విలువ హెచ్చు. నేడు గూగుల్ వంటి శోధన యంత్రము కోట్ల పుటలలో దేనిని ముందు చూపవలెనో తేల్చుటకు ఆధారపడిన పద్ధతులలో ఒకటి ఇదియే. దాని పుట్టుక ఎట్టిదో ఈ ఉగాది సంచికలో కొంత ముచ్చటించుకొందము.

ఈ ఆలోచన మొదట కంప్యూటరువారిది కాదు, పండితులది. శాస్త్రజ్ఞుడు వ్యాసము వ్రాయునప్పుడు పూర్వుల వ్యాసములను పేర్కొనుట మర్యాద. ఏ వ్యాసమును తరువాత ఎవరెవరు పేర్కొన్నారో చూపు సూచిక కావలెనని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో దానిని వెలువరించినాడు. అన్ని పేర్కొనుటలు సమానము కావనియు, పేరుపొందిన పత్రిక పేర్కొన్నచో బరువు హెచ్చనియు 1976లో పిన్స్కీ, నారిన్ అనువారు లెక్క కట్టినారు.

తొలినాటి శోధన యంత్రములు పుటలోని పదములనే ఎక్కువగా చూచెడివి. తన సరకు పేరు నూరుసార్లు వ్రాసుకొన్నవాడు ముందుకు వచ్చెడివాడు. స్వోత్కర్షకు అంతకంటె మంచి రోజులు లేవు!

1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను విద్యార్థులు వేరు దారి పట్టినారు. ఒక పుట నుండి మరియొక పుటకు దారి చూపునది లింకు. దానిని వారు సాక్ష్యముగా ఎంచినారు. నూరు బరువు గల పుట ఇద్దరికి లింకు ఇచ్చినచో చెరి యేబది. నూరుగురికి ఇచ్చినచో తలకొకటి. అందరిని పొగడువాని పొగడ్తకు విలువ తగ్గుట లోకానుభవమే గదా. మరి సాక్షి బరువు ఎట్లు తెలియును? అతనికి సాక్ష్యమిచ్చినవారి వలన. ఇది తిరుగుడు లెక్కవలె తోచును. కాని అందరికి సమానపు బరువుతో మొదలిడి, పంచుటను మరల మరల చేయగా అంకెలు ఒకచోట కుదురుకొనును. 1998 నాటి వారి పత్రములో ఈ లెక్క 2 కోట్ల 40 లక్షల పుటలపై సాగినట్లు కలదు. ఆ యేడే గూగుల్ సంస్థ పుట్టినది.

అదే కాలమున జాన్ క్లైన్‌బర్గ్, విషయము తెలిసిన పుట వేరు, తెలిసినవారి జాడ చెప్పు పుట వేరు అని విడదీసినాడు. కాని ఒకే యింటివారు పదిమంది సాక్ష్యమిచ్చిన? మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన కృష్ణ భరత్, మోనికా హెన్‌జింగర్‌తో కలిసి 1998లో అట్టివారి మాటలన్నింటికి కలిపి ఒక్క సాక్షి బరువే ఇచ్చినాడు. మద్రాసు సోదరులు ఈ మాటకు సంతోషింతురు.

లెక్క బయటపడగానే సాక్ష్యములు అంగడికెక్కినవి. లింకులు అమ్మువారు, ఒకరికొకరు లింకులిచ్చుకొను ముఠాలు బయలుదేరినవి. 2005లో, “ఈ లింకును సాక్ష్యముగా ఎంచవలదు” అని గుర్తు పెట్టు వీలు కల్పించినారు. 2012లో పెంగ్విన్ అను మార్పుతో గూగుల్ కొనుగోలు లింకులపై గట్టిగా చేయిచేసికొన్నది. నేడు లింకు అనేక గుర్తులలో ఒకటి మాత్రమే. అయినను విడిచిపెట్టినది కాదు.

మా దిగులు వేరు. అబద్ధపు సాక్షిని పట్టుకొనుటకు ఇంత శ్రమ జరిగినది గాని, సాక్షియే లేనివాని సంగతి? వలస తెలుగువారి సంఘముల పుటలు కొన్ని తెరచి చూచితిమి. ఆహ్వానములు, ఛాయాచిత్రములు, కార్యవర్గపు పేర్లు నిండుగా ఉన్నవి. పొరుగూరి తెలుగు సంఘమునకు గాని, తాతల నాటి వలస కథ వ్రాసిన పుటకు గాని లింకు కనబడుట అరుదు. మన పిల్లలు తమ వంశపువారు ఏ కాలమున, ఏ ఊరినుండి వచ్చినారని వెదకినప్పుడు, ఆ కథ వ్రాసినవారున్నను యంత్రమునకు చెప్పినవారు లేరు. సంచికలు మాత్రము మనము నేటికిని ఒకరికొకరము పోస్టులో పంపుకొనుచునే యున్నాము.