రాజు లేని ఆరుగురు రాణులు

1971లో ‘యెస్’ రాక్ బృందం అమెరికాలో కచేరీలిస్తూ ఊరూరా తిరుగుతోంది. అందులో కొత్తగా చేరిన కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ ఒక విమానాశ్రయంలో కొన్ని పుస్తకాలు కొన్నాడు. వాటిలో ఒకటి ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ సొంత జీవితం గురించి. విమానంలో, హెన్రీ రాణుల్లో ఒకరైన ఆన్ బొలీన్ కథ చదువుతుంటే, అంతకుముందు తాను కట్టిన బాణీ ఒకటి మనసులో మెదిలింది. హెన్రీ ఆరుగురు రాణులకూ ఒక్కో రచన చేస్తే? ‘ద సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ఎయిత్’ ఆల్బమ్ అలా మొదలైంది.

పాట లేదు, సాహిత్యం లేదు. ఎవరి కథా చెప్పడు. ఒక్కో రాణి స్వభావం తనకెలా తోచిందో కీబోర్డు మీద పలికిస్తాడంతే. 1536లో శిరచ్ఛేదానికి గురైన ఆన్ బొలీన్ గురించిన రచన చివర్న, చర్చిలో సాయంకాలం పాడే ఒక కీర్తన బాణీ వినిపిస్తుంది. ఆ నెమ్మదిలోనే ఆమె మరణం తెలుస్తుంది.

ఇద్దరు ఆన్‌లు, ముగ్గురు క్యాథరిన్‌ల మధ్య నన్ను కట్టిపడేసేది మాత్రం జేన్ సీమోర్. హెన్రీకి కొడుకును కని, కొద్దిరోజులకే 1537లో కన్నుమూసిన రాణి. ఆమె కోసం వేక్‌మన్ స్టూడియో దాటి, లండన్‌లోని సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చికి వెళ్లి అక్కడి పెద్ద పైప్ ఆర్గన్ వాయించాడు. గొట్టాల్లోంచి గాలి ఉప్పొంగి వచ్చే ఆ నాదం మీద మినీమూగ్ సింథసైజర్ చేరుతుంది. పాత చర్చి, కొత్త యంత్రం కలిసి ఒకే గొంతుతో పలుకుతాయి. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటని అడిగిన వారికి నేను వినిపించేది ఇదే.

మరో రాణి పేరిటి ‘క్యాథరిన్ ఆఫ్ ఆరగాన్’ అసలు ‘యెస్’ వారి ‘ఫ్రాజైల్’ ఆల్బమ్ కోసం పుట్టిన బాణీ. రికార్డింగు కంపెనీ ఒప్పందాల చిక్కు వల్ల అందులో చేరలేదు. ఈ ఆల్బమ్‌లో ‘యెస్’ సహచరులతో పాటు, వేక్‌మన్ పాత బృందం ‘స్ట్రాబ్స్’ మిత్రులూ వచ్చి వాయించారు. 1972లో చాలాభాగం రికార్డింగుకే సరిపోయింది.

1973 జనవరిలో ఆల్బమ్ విడుదలైంది. మాటల్లేని సంగీతం బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో ఏడో స్థానానికి ఎక్కింది. హెన్రీ నివసించిన హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో వాయించాలన్న వేక్‌మన్ కోరికకు మాత్రం అప్పట్లో అనుమతి దొరకలేదు. హెన్రీ గద్దెనెక్కి 500 ఏళ్లయిన సందర్భంగా, 2009 మే నెలలో అదే ప్యాలెస్‌లో ఆ సంగీతం మోగింది. ఎల్పీలో చోటు చాలక వదిలేసిన, హెన్రీ గురించిన రచన ‘డిఫెండర్ ఆఫ్ ద ఫెయిత్’ కూడా అప్పుడే అక్కడ వినిపించింది.