పి.వి. పటం

మా తొండియార్‌పేటలో తెలుగువాళ్ళు కూడుకునే చదువుగది ఒకటి ఉంది. మేడమీద ఒకే గది, రెండు బీరువాలు, నాలుగు బెంచీలు. గోడకు మూడు పటాలు: కందుకూరి వీరేశలింగం గారు, పొట్టి శ్రీరాములు గారు, మన ఉత్తర మద్రాసుకే చెందిన పిట్టి త్యాగరాయ శెట్టి గారు. 2024 ఫిబ్రవరి 9న పి.వి. నరసింహారావు గారికి భారతరత్న ప్రకటించారు. ఆ ఆదివారమే, నాలుగో పటంగా ఆయనది పెడదామని ఎవరో అన్నారు. అనడమే ఆలస్యం, గది రెండు వర్గాలైపోయింది.

"ఇంకా ఆలోచనేమిటండీ? ప్రధానమంత్రి అయిన తెలుగువాడు ఆయనొక్కడేగా" అన్నారు రిటైరైన పంతులుగారు. "మా అన్న జై ఆంధ్ర ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నాడు. ఆ నాటి ముఖ్యమంత్రికి నేను దండ వెయ్యాలా?" అన్నారు గుంటూరు వైపు నుంచి వచ్చి హార్బరులో పనిచేసి దిగిన పెద్దాయన. ఇద్దరూ అరుచుకుంటుంటే నా పక్కన కూర్చున్న మిత్రుడు మాత్రం నోరు విప్పలేదు. ఆయనది నెల్లూరు; మా బ్యాంకులోనే క్యాషియరుగా చేశాడు; ముస్లిం. మెట్లు దిగేటప్పుడు మెల్లగా అన్నాడు: "పటం పెట్టుకోండన్నా, నేను అడ్డు చెప్పను. ఆ రోజు మాత్రం నన్ను పిలవొద్దు."

ఆ రెండు మాటలే నాచేత ఈ వ్యాసం రాయించాయి. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమ జమవైపు, ఖర్చు ఖర్చువైపు రాయడం తప్ప వేరే విద్య రాదు. ఆ విద్యతోనే పి.వి. గారి ఖాతా తిరగేసి చూశాను.

జీవిత చరిత్ర చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతంలోని లక్నేపల్లిలో పుట్టి, కరీంనగర్ జిల్లా వంగరకు దత్తుపోయారు. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో చదువు పోగొట్టుకుని నాగపూరు వెళ్ళి చదువుకున్నారు. 1957 నుంచి మంథని ఎమ్మెల్యే. 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు దానికి అధ్యక్షులు. విశ్వనాథ వారి 'వేయిపడగలు' హిందీలోకి 'సహస్రఫణ్'గా వచ్చింది ఆయన చేతిమీదుగానే. ఇవన్నీ జమ. వీటిమీద తగాదా లేదు.

మనబోటి పరాయి రాష్ట్రపు తెలుగువాళ్ళు గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆయన 1984లో, 1989లో లోక్‌సభకు గెలిచింది మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి. 1996లో నంద్యాలతోపాటు ఒరిస్సాలోని బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. మరాఠీ వాళ్ళతో మరాఠీలో మాట్లాడి ఓట్లు అడగగలిగిన తెలుగువాడాయన. తన భాష విడిచిపెట్టకుండా ఎదుటివాడి భాషకు మర్యాద ఇవ్వడమెలాగో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. మన పిల్లలకు చెప్పుకోదగ్గ మాటే ఇది.

హార్బరు పెద్దాయన కోపానికీ కారణం లేకపోలేదు. 1971 సెప్టెంబరులో పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. భూపరిమితి అన్నారు, వెనుకబడిన వర్గాలకు ఎక్కువ టిక్కెట్లు ఇచ్చారు. భూస్వాములకు అది కంటగింపైంది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. పి.వి. ఆ తీర్పును సమర్థించడంతో కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. ఆ ఉద్యమంలో ఉద్యోగాల కోసం కడుపుమండిన కుర్రాళ్ళూ ఉన్నారు, భూములు కాపాడుకోవాలనుకున్న పెద్దలూ ఉన్నారు. ఆ ఇద్దరినీ విడదీసి చూడనంతకాలం ఈ పద్దు తేలదు.

ఇక 1991కి వస్తాను. అది నేను కళ్ళారా చూసిన సంవత్సరం. మే 21న మనకు కూతవేటు దూరంలోని శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ ఎన్నికల్లో పి.వి. అసలు పోటీయే చెయ్యలేదు; మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్న మనిషి. జూన్ 21న ప్రధాని అయ్యారు. చేతిలో మెజారిటీ లేదు. ఖజానాలో రెండు వారాల దిగుమతులకు చాలేటంత విదేశీ మారకం మాత్రమే మిగిలింది.

అప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాను. నగల లోను సీటులో ఉండేవాణ్ణి. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకూ బ్యాంక్ ఆఫ్ జపానుకూ తాకట్టు పెట్టిందని పేపర్లో వచ్చింది. అంతకు ముందు, మే నెలలో, చంద్రశేఖర్ గారి ప్రభుత్వం ఉండగానే 20 టన్నులు స్విట్జర్లాండు బ్యాంకుకు వెళ్ళాయి. జనం గుర్తుంచుకున్నది మాత్రం పి.వి. పేరే. మా కౌంటరు దగ్గర పెద్దమనుషులు దేశం పరువు పోయిందని మాట్లాడుకుంటుంటే, గాజులు తాకట్టు పెట్టడానికి కొరుక్కుపేట నుంచి వచ్చిన ఓ అవ్వ విని, "కుదువ పెడితే తప్పేముంది నాయనా, విడిపించుకోకపోతేనేగా తప్పు" అంది. ఆర్థికశాస్త్రంలో అంతకు మించిన మాట నేను ఈనాటికీ వినలేదు. కొద్ది నెలల్లోనే ఆ అప్పు తీరింది. 2009లో మన రిజర్వు బ్యాంకే అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది.

ఆ జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. 24న, బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజునే, కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ గారు. పరిశ్రమల శాఖ మాత్రం పి.వి. తన చేతిలోనే ఉంచుకున్నారు. లైసెన్సుల రాజ్యాన్ని కూల్చిన సంతకం అక్కడిదే. బ్యాంకుల సంస్కరణకు వేసిన సంఘానికి అధ్యక్షులు ఎం. నరసింహం గారు, ఆయనా తెలుగువారే. వసూలు కాని బాకీ మీద వడ్డీని ఆదాయంగా రాసుకోకూడదన్న నియమం మాకు వచ్చింది ఆయన సంఘం చెప్పాకే. అంతవరకు రాని వడ్డీని వచ్చినట్టే రాసుకుని లాభాలు చూపిన బ్యాంకులు ఒక్కసారిగా నష్టాల్లో తేలాయి. బాధ కలిగింది నిజమే, కాని రోగం అప్పుడే బయటపడింది.

ఈ జమకు ఎదురుగా ఖర్చూ రాయాలి. 1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. తలుపులు తీసిన వేగంలో కాపలా ఏర్పాటు సాగలేదు. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో సుమారు లక్షమంది స్వచ్ఛంద విరమణ పేరుతో బయటికి వెళ్ళారు. అప్పటికి పి.వి. గద్దె దిగి నాలుగేళ్ళు దాటినా, ఆ దారి వేసింది ఆయన కాలమే. పెరంబూరు బిన్నీ మిల్లు 1996లో మూతబడి మన తెలుగు కుటుంబాలెన్నో వీధిన పడ్డాయి. అయితే ఆ మిల్లు కష్టాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి కనుక, ఆ పద్దు సంస్కరణల ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇప్పుడు నా మిత్రుడి మాటకు వస్తాను.

1992 డిసెంబరు 6 ఆదివారం. అయోధ్యలో బాబ్రీ మసీదు పట్టపగలు గంటల తరబడి కూలింది. కేంద్ర బలగాలు దగ్గర్లోనే ఉన్నాయి, కదలలేదు. పి.వి. పక్షాన చెప్పే వాదం నాకు తెలుసు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ సుప్రీంకోర్టుకే హామీ ఇచ్చారు. అప్పటి గవర్నరు బి. సత్యనారాయణ రెడ్డి గారు, ఆయనా మన తెలుగువారే, రాష్ట్రపతి పాలన వద్దని కేంద్రానికి రాశారు. జరగని నేరానికి ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని ముందే ఎలా తీసేస్తారన్నది పి.వి. ప్రశ్న. ఆయన పోయాక 2006లో వచ్చిన అయోధ్య పుస్తకంలోనూ ఆయన సమాధానం అదే. 2009లో లిబర్హాన్ కమిషన్ కూడా ఆయన్ని తప్పుపట్టలేదు.

చట్టం ప్రకారం ఆ వాదం నిలబడవచ్చు. కాని బ్యాంకులో మాకు ఇంకో సూత్రం కూడా నేర్పుతారు: కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నది ఒక్కటే చాలదు, అప్పు తీసుకునే మనిషి వాలకం చూడాలి అని. హామీ ఇచ్చినవాడి చుట్టూ చేరిన గునపాలు దేశమంతా చూసింది. చూడవలసినవాడు కాగితం చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత బొంబాయిలో డిసెంబరులో, మళ్ళీ జనవరిలో జరిగిన అల్లర్లలో అధికారిక లెక్క ప్రకారమే తొమ్మిది వందల మంది చనిపోయారు. నా మిత్రుడి చెల్లెలు అప్పుడు బొంబాయిలో ఉంది. పదకొండు రోజులు కబురు లేదు. మధ్యాహ్నం భోజనం మానేసి ఎస్‌టీడీ బూతు ముందు నిలబడేవాడు. చివరికి ఆమె క్షేమమని తెలిసింది; ఆమె భర్త కొట్టు మాత్రం కాలిపోయింది. ఆ పదకొండు రోజుల పద్దు ఏ సంస్కరణతో కొట్టివేస్తాం?

మిగతా పద్దులు త్వరగా చెబుతాను. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు హోంమంత్రి ఆయనే. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానాన్ని 265-251 ఓట్లతో గట్టెక్కారు. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బిచ్చారన్న కేసులో 2000లో శిక్షపడింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఓటుకు లంచం తీసుకున్న సభ్యుడికి రక్షణ ఉందని ఆ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, 2024 మార్చి 4న అదే కోర్టు ఏడుగురు న్యాయమూర్తులతో రద్దుచేసింది. అదే నెల 30న ఆయన కుమారుడు భారతరత్న అందుకున్నారు. ఒకే నెలలో ఆ రెండూ! మన తమిళనాడులో 1996లో జయలలిత గారితో పొత్తు పెట్టుకోవడంతో మూపనార్ గారు వేరుపడ్డారు. కాంగ్రెసు ఇక్కడ తుడిచిపెట్టుకుపోయింది.

2004 డిసెంబరు 23న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. అయిదేళ్ళు తమ పార్టీకి అధ్యక్షుడుగా ఉన్న మనిషి భౌతికకాయాన్ని పార్టీ కార్యాలయం లోపలికి రానివ్వలేదు; గేటు బయటే నిలిపారు. అంత్యక్రియలు హైదరాబాదులో, 25న. 1991లో నంద్యాలలో ఆయన నిలబడితే తెలుగుబిడ్డ అని ఎన్.టి.ఆర్. పోటీ పెట్టలేదు; ఐదున్నర లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. ప్రతిపక్షం ఇచ్చిన మర్యాద సొంత పార్టీ ఇవ్వలేకపోయింది. తరువాత ఆయన్ని నెత్తికెత్తుకున్నదీ ఇతరులే. 2020లో తెలంగాణ ప్రభుత్వం శతజయంతి మొదలుపెట్టింది, 2024లో మరో పార్టీ కేంద్ర ప్రభుత్వం భారతరత్న ఇచ్చింది. ఎవరికి కావలసిన పి.వి.ని వారు తీసుకుంటున్నారు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. బ్యాలెన్సు షీటులో ఆస్తినీ అప్పునీ చెల్లుకు చెల్లు వేసి మిగిలినదొక్కటే చూపకూడదు. రెండూ పూర్తిగా, ఎదురెదురుగా రాయాలి. పి.వి. విషయంలో మనమంతా చేస్తున్న తప్పు ఆ చెల్లుకు చెల్లే. 1991 చూపించి 1992 కొట్టేస్తాం, లేదా 1992 చూపించి 1991 కొట్టేస్తాం. రెండూ ఆయనవే. తెలుగువాడన్న అభిమానంతో ఒక వైపు కప్పిపెడితే అది అభిమానం కాదు, దొంగలెక్క.

అందుకని మా గదిలో నా మాట ఇలా చెప్పాను: పటం పెడదాం. ఏటా జూన్ 28న సభా జరుపుదాం. కాని ఆ సభలో బంగారం కథ చెప్పేవారొకరు, బూతు ముందు నిలబడ్డవారి కథ చెప్పేవారొకరు ఉండాలి. హార్బరు పెద్దాయన కూడా మాట్లాడాలి. పంతులుగారు కాసేపు మొహం ముడుచుకుని, సరేనన్నారు. పటం ఇంకా బీరువాలోనే ఉంది, అట్ట కట్టి.

నా మిత్రుడికి ఈ సంగతి ఫోనులో చెప్పాను. కాస్సేపు మాట్లాడలేదు. "అలాంటి సభకైతే వస్తానన్నా" అన్నాడు.